బేస్‌మెంట్‌లో బార్, బాత్రూమ్ సొంతంగా కట్టుకుందామని. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త తాపీ:

అందరికీ నమస్కారం. మా ఇంటి బేస్‌మెంట్ ఏడేళ్లుగా ఖాళీగా ఉంది. ఖాళీ అంటే అట్టపెట్టెలు, పిల్లలకి పొట్టైపోయిన సైకిళ్లు, రెండుసార్లు ఎక్కి వదిలేసిన ట్రెడ్‌మిల్. ఈసారి ఎలాగైనా అక్కడ ఒక చిన్న బార్, దాంతో పాటు ఒక బాత్రూమ్ నా చేతులతోనే కట్టాలని పట్టుదలగా ఉంది. బార్ అనగానే మా ఆవిడ ముఖం చిట్లించింది. "కౌంటర్" అని పేరు మార్చాక ఒప్పుకుంది. కాబట్టి ఇంట్లో అది కౌంటర్, ఇక్కడ మాత్రం బార్.

కొలతలు చెప్తాను. 30 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు. కాంక్రీటు నేల నుంచి పైన దూలాల అడుగు వరకు 7 అడుగుల 10 అంగుళాలు. మధ్యలో ఒక ఉక్కు స్తంభం. నా ప్లాన్ ప్రకారం మెట్ల పక్కన, వాటర్ హీటర్‌కి దగ్గర్లో బాత్రూమ్. మెట్లు దిగగానే కళ్లకు కనిపించేలా ఎదుటి మూలలో బార్, దానికో చిన్న సింకు, కింద ఒక ఫ్రిజ్. బొమ్మ కూడా గీశాను, కాగితం మీద చాలా బాగుంది.

నా అనుమానాలు ఇవి. ఒక మూల నేలలో మూత పెట్టిన గుంత ఉంది, లోపల పంపు ఉంది. వాన బాగా పడినప్పుడు దానంతటదే తిరుగుతుంది. టాయిలెట్ పైపు అందులోకి కలిపేస్తే సరిపోతుందా? కాంక్రీటు పగలగొట్టక తప్పదా? బార్ ఎంత ఎత్తులో ఉండాలి?

ఇంకో మాట. బార్ పైన వేయడానికి 8 అడుగుల వాల్‌నట్ చెక్క ముందే కొనేశాను. తిట్టకండి.

చెక్కపని కొంచెం వచ్చు. పైపులు, కరెంటు పని మాత్రం ఇంతవరకు ముట్టుకోలేదు.

పాత పైపులు:

తిట్టను గానీ, ఆ చెక్కని ఓ పక్క గోడకి ఆనించి, దుప్పటి కప్పి, ఆర్నెల్లు మర్చిపోండి. నేనూ మీలాగే బార్ బొమ్మతోనే మొదలుపెట్టినవాణ్ణి. నాలుగేళ్ల కిందట కట్టాను, అందులో ఏడాదిన్నర చేసింది విప్పి మళ్లీ కట్టడానికే పోయింది. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ గుంత సంగతి. వానకి తిరుగుతోందంటే అది సంప్. పునాది చుట్టూ చేరే ఊట నీళ్లని బయటికి తోడేది. అందులోకి టాయిలెట్ కాదు కదా, చేతులు కడుక్కున్న నీళ్లు కూడా కలపకూడదు. మురుగుకి పెట్టే పంపు వేరు, దాన్ని ఇజెక్టర్ అంటారు. దానికి గాలి చొరబడకుండా బిగించే మూత, గాలి రాకపోకలకి సొంత వెంట్ పైపు, వెళ్లిన నీళ్లు వెనక్కి రాకుండా చెక్ వాల్వు ఉంటాయి. చూడ్డానికి రెండూ నేలలో గుంతలే, చేసే పని పూర్తిగా వేరు.

ఇప్పుడు అసలు విషయం. మీ బార్ ఎక్కడ ఉండాలో నిర్ణయించేది మీరూ కాదు, మీ ఆవిడా కాదు, మీ ఇంటి మెయిన్ డ్రైనేజీ పైపు. పై అంతస్తుల నుంచి దిగే లావుపాటి నిలువు పైపు ఎక్కడుందో చూడండి. అది నేలలోకి దిగిపోతే మీ అదృష్టం, నీళ్లు వాటి బరువుతో అవే పోతాయి. అలా కాక నడుము ఎత్తులోనో, ఛాతీ ఎత్తులోనో మలుపు తిరిగి గోడలోంచి బయటికి పోతుంటే, బాత్రూమ్ నేల దానికంటే కిందే ఉంటుంది. అప్పుడు పంపు తప్పదు.

నేలలోకి దిగితే లోతు కొలవాలి. దాని పక్కనే మరతిప్పే మూత ఒకటి ఉంటుంది, క్లీనౌట్ అంటారు. పైన ఎవరూ నీళ్లు వాడని టైములో మెల్లగా తిప్పి చూడండి. మెల్లగా అని ఎందుకంటున్నానంటే, లైను ఎక్కడైనా మూసుకుపోయి ఉంటే లోపల నిలిచింది మొత్తం మీ కాళ్ల మీదికే వస్తుంది. లోపలికి టేపు దించి పైపు అడుగు నేలమట్టానికి ఎంత కింద ఉందో రాసుకోండి.

తర్వాత వాటం లెక్క. సింకు, షవర్ లాంటి సన్న పైపులకి అడుగుకి పావంగుళం వాలు పెట్టుకోండి. 3 అంగుళాల టాయిలెట్ పైపుకి దాంట్లో సగం చాలని కొన్ని చోట్ల ఒప్పుకుంటారు గానీ, చోటుంటే పావంగుళమే మేలు. 8 అడుగుల దూరానికి 2 అంగుళాలు, 28 అడుగుల దూరానికి 7 అంగుళాలు. మీరు గీసిన బార్ మెయిన్ పైపుకి ఎంత దూరమో ఒకసారి కొలిచి చూడండి. అంత పొడుగునా నేల పగలగొట్టి, తవ్వి, మళ్లీ పూడ్చాలి. మధ్యలో ఆ ఉక్కు స్తంభం కూడా ఉందన్నారు. దాని కింద ఫుటింగ్ అనే కాంక్రీటు దిమ్మ ఉంటుంది, మేడ బరువు దాని మీద ఉంది. దాని పక్కన గానీ, గోడ పునాది పక్కన గానీ కింది మట్టి కదిలేలా తవ్వకూడదు.

నేను చేసిన తప్పు చెప్తాను. బార్ సింకుకి పైపు వేశాను, వెంట్ పెట్టలేదు. చిన్న సింకేగా, ఏమవుతుందిలే అనుకున్నా. సింకు కింద వంపు పైపు ఉంటుంది చూశారా, పీ-ట్రాప్, అందులో నిలిచే నీళ్లే మురుగు వాసనని ఆపేది. వెనకాల గాలి అందకపోతే, లైనులో నీళ్లు జోరుగా పోయినప్పుడల్లా ఆ కాస్త నీళ్లని కూడా లాగేసుకుంటుంది. మా ఇంట్లో పైన ఫ్లష్ చేస్తే కింద బార్ సింకు గుడగుడమని పుక్కిలించేది. పిల్లలకి అదో సరదా. పది రోజులకి వాసన మొదలైంది. మూడు నెలలు ఫ్రిజ్ వెనక ఎలుక చచ్చిందేమోనని వెతికాను! చివరికి టైల్స్ వేసేసిన గోడ కోసి వెంట్ పెట్టాల్సి వచ్చింది. గాలి లోపలికి మాత్రమే పీల్చే చిన్న వాల్వులు కూడా దొరుకుతాయి. కొన్ని ఊళ్లలో ఒప్పుకుంటారు, కొన్నింట్లో ఒప్పుకోరు. కొనేముందే పర్మిట్ ఆఫీసులో అడగండి. ఇజెక్టర్ గుంత వెంట్‌కి మాత్రం అవి పనికిరావు, పైపు బయటిదాకా వెళ్లాల్సిందే.

వెంట్ బాగానే ఉన్నా, నెలల తరబడి వాడని సింకులో ఆ నీళ్లు ఎండిపోతాయి. అప్పుడప్పుడు ఒక చెంబుడు నీళ్లు పొయ్యండి. ఊరికి వెళ్తుంటే పైన రెండు చెంచాల వంటనూనె వేస్తే ఆరిపోవడం ఆలస్యమవుతుంది.

మీ ప్లాన్ చూస్తే నాకు తోచింది ఇది. బార్‌ని మూల నుంచి లాక్కొచ్చి బాత్రూమ్ గోడకి వీపు ఆనించండి. ఒకే గోడకి ఇటు బార్ సింకు, అటు బాత్రూమ్ సింకు. వేడి నీళ్లు, చన్నీళ్లు, డ్రైనేజీ, వెంట్ అన్నీ ఆ గోడలోనే. ఆ ఒక్క గోడకి మాత్రం 2×4 కాకుండా 2×6 చెక్కలు వాడండి, పైపులు ఇరుకు లేకుండా పడతాయి. వాటర్ హీటర్ కూడా అటే ఉంది కాబట్టి వేడి నీళ్లు తొందరగా వస్తాయి.

నేల పగలగొట్టే ముందు ఒక్కటి ఖాయం చేసుకోండి. అది పోస్ట్-టెన్షన్ స్లాబ్ కాకూడదు. అంటే లోపల బిగలాగిన ఉక్కు తీగలు ఉండే రకం. చాలాసార్లు నేల మీదే ఎక్కడో ముద్ర వేసి ఉంటుంది, లేదా ఇంటి డ్రాయింగుల్లో ఉంటుంది. అదైతే పని ఆపేసి ఇంజనీరుని పిలవండి. మామూలు స్లాబ్ అయితే సుమారు 4 అంగుళాల మందం, అద్దెకి తెచ్చిన జాక్‌హ్యామర్‌కి లొంగుతుంది. కట్టర్‌తో కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కొయ్యండి, మాస్కు మంచిది పెట్టుకోండి. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులని పాడుచేస్తుంది. ఇంటి ఏసీ, హీటింగ్ బ్లోయర్ ఆపడం మర్చిపోకండి. నేను మర్చిపోయాను. సాయంత్రం పైకి వెళ్లి చూస్తే బీరువాలో మడతపెట్టిన బట్టల మీద కూడా తెల్లటి పొడి.

కొలిచి చెప్పండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.

రంపపు పొట్టు:

పాత పైపులు గారూ, అంతా బాగా చెప్పారు గానీ, అయ్యా, చెక్కని గోడకి ఆనించమనకండి! విల్లులా వంగుతుంది. కొత్త తాపీ గారూ, దాన్ని పడుకోబెట్టండి. కింద అడుగుకో, అడుగున్నరకో ఒకటి చొప్పున ఒకే మందం ఉన్న చెక్కముక్కలు పెట్టి, అన్ని వైపులా గాలి ఆడనివ్వండి. కాంక్రీటు మీద నేరుగా వద్దు, నేల తేమ కింది వైపే పీల్చుకుంటుంది. బేస్‌మెంట్‌లోనే ఉంచండి, ఆ గాలికి అలవాటు పడనివ్వండి.

బార్ ఎత్తు అడిగారు కదా. పై చెక్క 42 అంగుళాలు, కూర్చునే స్టూలు 30 అంగుళాలు. మధ్యలో ఉండే ఆ 12 అంగుళాలు మోకాళ్లకి. చెక్క ముందుకి 10 నుంచి 12 అంగుళాలు పొడుచుకు రావాలి, లేకపోతే మోకాళ్లు గోడకి కొట్టుకుంటాయి. మనిషికి 24 అంగుళాల చొప్పున మీ 8 అడుగుల చెక్కకి సరిగ్గా నలుగురు. కాళ్లు పెట్టుకునే గొట్టం నేలకి 7, 8 అంగుళాల ఎత్తులో.

అందరూ మర్చిపోయేది లోతు. వెనక కౌంటర్ 24 అంగుళాలు, లోపల నిలబడి తిరగడానికి 36, ముందు బార్ 24, స్టూలు మీద మనిషి, అతని వెనక నడిచే దారి కలిపి 36. మొత్తం 120, అంటే 10 అడుగులు. కాగితం మీద ఎప్పుడూ 6 అడుగుల్లో పట్టేసినట్టు కనిపిస్తుంది.

ఫ్రిజ్ కొనేటప్పుడు ముందు వైపు నుంచి వేడి వదిలే రకమే తీసుకోండి. వెనక నుంచి వదిలేదాన్ని కౌంటర్ కింద మూసేస్తే వేడికి ఊపిరాడక ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. మాది అలాగే రెండో ఎండాకాలానికి పోయింది.

టైల్స్ టీచర్:

నేను చెక్కపని జోలికి పోలేదు గానీ, మా బేస్‌మెంట్ బాత్రూమ్ షవర్ మొత్తం నేనే వేశాను. మా వారు మోర్టార్ బస్తాలు మోశారు, అంతే.

అన్నిటికంటే ముందు నేలకి తేమ ఉందో లేదో చూడండి. రెండడుగుల ప్లాస్టిక్ షీటు కాంక్రీటు మీద పరిచి నాలుగు వైపులా టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే కింద చెమ్మ గానీ, కాంక్రీటు నల్లబడి గానీ ఉంటే ముందు ఆ సంగతి చూసుకోవాలి. గోడల మీద తెల్లటి ఉప్పులాంటి పొడి రాలుతున్నా అదే లెక్క. బయట చూరు నీళ్లు పునాది పక్కనే పడుతున్నాయేమో చూడండి. మా ఇంట్లో చూరు నీళ్లు దిగే గొట్టాన్ని ఆరడుగులు పొడిగిస్తే సగం చెమ్మ తగ్గిపోయింది.

షవర్‌లో సిమెంట్ బోర్డు వేస్తే నీళ్లు ఆగిపోతాయని చాలామంది అనుకుంటారు. ఆగవు. అది తడిస్తే పాడవదు, అంతే, నీళ్లని లోపలికి పోనిస్తుంది. దాని మీద వాటర్‌ప్రూఫ్ పూత గానీ షీటు గానీ ఉండాల్సిందే. టైల్సు వేయకముందు డ్రెయిన్‌కి బెలూన్ ప్లగ్ బిగించి, నీళ్లు నింపి, పెన్సిల్‌తో గీత గీసి 24 గంటలు వదిలేయండి. నేను నింపిన మర్నాడు గీతకి అరంగుళం కింద ఉన్నాయి నీళ్లు. ఏడుపొచ్చింది. ప్లగ్ కారుతోందేమోనని మార్చి చూశా, కాదు. చివరికి మూలలో, రెండు గోడలూ నేలా కలిసే చోట, సూదిమొనంత చిల్లు దొరికింది. రెండు పూతలు వేశాననుకున్నా, అక్కడ బ్రష్ అసలు తగిలినట్టే లేదు.

టాయిలెట్ కింద బిగించే ఫ్లాంజ్ కాంక్రీటుకి సమానంగా పెట్టకండి. పూర్తయిన టైల్సు మీద కూర్చోవాలది. టైలు మందం, కింద మోర్టార్ మందం ముందే కలిపి లెక్కేసుకోండి.

కొత్త తాపీ:

అందరికీ చాలా థాంక్స్. శనివారం అంతా టేపు పట్టుకుని తిరిగాను. మా అమ్మాయి రాసుకుంది.

మెయిన్ పైపు నేలలోకే దిగింది! క్లీనౌట్ మెల్లగా తిప్పాను, ఏమీ రాలేదు, బతికిపోయాను. పైపు అడుగు నేలమట్టానికి 17 అంగుళాల కింద ఉంది. నేను గీసిన బార్ దానికి 29 అడుగుల దూరం. అంటే ఏడుంపావు అంగుళాల వాలు. లోతు సరిపోతుంది గానీ, దారి సరిగ్గా ఉక్కు స్తంభం కిందనుంచే పోతోంది. ఆ కాగితం చింపేశాను. మీరన్నట్టు బార్‌ని బాత్రూమ్ గోడకి తెచ్చేస్తే టాయిలెట్ 6 అడుగుల దూరం, షవర్ 9 అడుగులు, సింకులు రెండూ 4 అడుగుల్లోపే.

ప్లాస్టిక్ షీటు రెండు చోట్ల వేశాను. ఒకటి పొడిగా ఉంది. సంప్ దగ్గరది తీస్తే కింద ముత్యాల్లా నీటిబొట్లు. ఆ మూలలో ఇప్పుడు ఏమీ కట్టట్లేదు కాబట్టి కొంచెం ఊపిరి పీల్చుకున్నా.

గోడ నుంచి టాయిలెట్ 12 అంగుళాలు అంటారు కదా, అది ఏ గోడ నుంచి? ఇంకా గోడే లేదు నాకు.

పాత పైపులు:

17 అంటే హాయిగా సరిపోతుంది. అంత దగ్గర్లో అన్నీ పడితే సగం పని అయిపోయినట్టే.

12 అంగుళాలు అనేది పూర్తయిన గోడ నుంచి ఫ్లాంజ్ మధ్యకి. మీరు చెక్కల ఫ్రేము నుంచి కొలుస్తుంటే దాని మీద బిగించే జిప్సం షీటు, అదే డ్రైవాల్, అరంగుళం కలిపి పన్నెండున్నర, దాని మీద టైల్సు కూడా వేస్తే ఆ మందం కూడా కలపాలి. గోడ లేదంటున్నారు కాబట్టి, ముందు సుద్ద దారంతో నేల మీద గోడలన్నీ కొట్టేయండి. తర్వాతే పైపుల గుర్తులు. టాయిలెట్ మధ్య నుంచి అటూ ఇటూ 15 అంగుళాలు కనీసం ఉండాలి, ముందు 21 నుంచి 24.

పైపులు: టాయిలెట్‌కి 3, షవర్‌కి 2, సింకులకి ఒకటిన్నర అంగుళం. ముందు సొల్యూషన్ లేకుండా మొత్తం బిగించి చూసుకుని, జాయింట్ల మీద మార్కర్‌తో గీతలు పెట్టుకుని, విప్పి అతికించండి. సొల్యూషన్‌కి ముందు పూసే ప్రైమర్ ఊదారంగుది వాడండి, ఏది అతికించామో ఏది మిగిలిందో ఆ రంగే చెప్తుంది. నేను రంగులేనిది వాడి, ఒక జాయింట్ అతికించడమే మర్చిపోయాను. కొనలు మూసి నీళ్లు నింపి పరీక్ష చేశాను కాబట్టి దొరికింది. లేకపోతే కాంక్రీటు కింద ఉండిపోయేది.

పర్మిట్ ఆఫీసు ఇన్‌స్పెక్టర్ చూసేదాకా ఒక్క పార మట్టి కూడా పూడ్చకండి. నేలలో, గోడల్లో అన్నీ మూసే ముందు టేపు కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. రేపు అద్దం తగిలించేటప్పుడు మేకు పైపులోకి దిగదు.

పై నుంచి వచ్చే మురుగు కూడా ఆ పైపులోంచే పోతుంది కాబట్టి, వీధి లైను ఎప్పుడైనా మూసుకుపోతే ముందు పొంగేది మీ కొత్త బాత్రూమే. నేల తవ్వినప్పుడే, మురుగు వెనక్కి పొంగకుండా ఆపే బ్యాక్‌వాటర్ వాల్వు గురించి ప్లంబర్ని అడగండి. పైనుంచి దిగే లైను మీద కాకుండా, కింది బాత్రూమ్ లైను మీద పెట్టించుకోవాలి. కరెంటు పని ఎప్పుడూ ముట్టుకోలేదన్నారు, ఇదే మొదటిసారి కాకుండా చూసుకోండి. సింకు దగ్గరి ప్లగ్ పాయింట్లు, బాత్రూమ్‌వీ కరెంటు లీకైతే షాక్ ప్రాణం మీదికి రాకుండా వెంటనే తెగిపోయే జీఎఫ్‌సీఐ రకమే ఉండాలి. ఎలక్ట్రీషియన్ చేస్తాడు, మీరు పక్కన నిలబడి చూడండి. ఎగ్జాస్ట్ ఫ్యాను గొట్టం ఇంటి బయటికే పోవాలి, దూలాల మధ్య వదిలేయకూడదు.

కొత్త తాపీ:

పర్మిట్‌కి అర్జీ పెట్టాను. అది వచ్చేలోపు ఊరికే ఉండలేక, నీలం టేపుతో నేల మీద గోడలన్నీ వేశాను. ఇన్నాళ్లుగా పడి ఉన్న అట్టపెట్టెలు ఇప్పుడు పనికొచ్చాయి. 42 అంగుళాల ఎత్తుకి పేర్చి, మేమిద్దరం మోసుకొచ్చి వాల్‌నట్ చెక్కని పైన పెట్టాం. (పడుకోబెట్టే ఉంచాను రంపపు పొట్టు గారూ, వంగలేదు.) వంటగదిలోంచి నాలుగు స్టూళ్లు తెచ్చి వేశాం. అవి పొట్టివి, అయినా లెక్క తెలిసింది.

అప్పుడు కనిపించింది. బాత్రూమ్ తలుపు బయటికి తీస్తే నాలుగో స్టూలుకి కొట్టుకుంటోంది. లోపలికి తీస్తే టాయిలెట్ ముందు చోటు పోతోంది. గోడలోకి జరిగే తలుపు పెడదామంటే ఆ గోడ నిండా పైపులే. మా అబ్బాయి ముగ్గురికే బార్ చాలంటాడు, నాకేమో ఆ చెక్క కోయడానికి చేతులు రావట్లేదు. చివరికి గోడ బయట పట్టాల మీద జరిగే తలుపు పెడదామని ఒప్పందానికొచ్చాం.

మా ఆవిడ ఆ పెట్టెల వెనక నిలబడి, చెక్క మీద రెండు చేతులూ ఆనించి, కాసేపు అటూ ఇటూ నడిచింది. "కౌంటర్ ఎత్తు బాగుంది. మరి మిక్సీ పెడితే ప్లగ్ ఎక్కడ?" అంది.

అది నేను ఇంకా గీయలేదు.